స్వహస్తసేవ

మనకు నిత్యము మేలు చేయు వస్తువును గూర్చియే మనము మిక్కిలి తక్కువగాఁ దలంతుము. దీపమాఱిననాఁడు విద్యుత్తును, కుళాయి యెండిననాఁడు నీరును మనకు జ్ఞప్తికి వచ్చును. మనుష్యుల విషయమునను మన వర్తన మిట్టిదే. ఇంటిల్లిపాదియు భుజించిన పిదప మిగిలినది తిను గృహిణి యాఁకలి, ఆమె మంచము పట్టినఁగాని తక్కినవారికిఁ దెలియదు. బండియొక్క గేరుపెట్టెలోని నూనెను, వడపోతను ఇంటివద్ద మార్చుకొనుటవంటి స్వల్పకార్యమును గూర్చి మేమిచట వ్రాయఁబూనుట కొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. కాని యా పనియే మమ్మొక ధర్మసందేహమునఁ బడవైచినది. గృహస్థుఁడు తన బండిపని తాను జేసికొనుట స్వావలంబనమా, లోభమా? ఇతరునిచేఁ జేయించుట వాని కుపకారమా, యపచారమా? ఈ ప్రశ్నకు మాకుఁ దోఁచిన సమాధానమును చదువరుల ముందుంచుచున్నాము.

మేముండునది హైదరాబాదునకుఁ దూర్పుననున్న నాచారము. వరంగల్లు రహదారిపై నున్న ఉప్పల్ కూడలికి మా యిల్లు దవ్వుగాదు. 2017వ సంవత్సరము నవంబరు నుండి నాగోలున బయలుదేఱు మెట్రోరైలు ఉప్పల్ మీఁదుగా నగరములోనికిఁ బోవుచున్నను, క్రిందిదారిలో బండ్ల వరుస తఱుగలేదు. సాయంకాలము హబ్సిగూడనుండి యుప్పల్ చేరుటకు బండి పదిగజములు కదలి యాఁగుచు, ఆఁగి కదలుచు నుండును. ఇట్టి దారిలో మాటిమాటికిఁ గ్లచ్చి త్రొక్కుట కోర్వలేక మావంటివారు పలువురు గేరు తనంతఁ దానే మాఱు బండ్లను గొనుచున్నారు. నాచారము పారిశ్రామికవాడకును నివాసగృహములకును నడుమ రేకుల షెడ్లలో, చమురంటిన నేలపై, ఆ బండ్లను బాగుచేయువారు దినమెల్ల శ్రమించుచున్నారు. బండిలోఁ గూర్చుండువారికిని బండిక్రిందఁ బరుండువారికిని నడుమ దూరము మూఁడడుగులే. కాని యా మూఁడడుగులను దాఁటి చూచినవారు మాలో నరుదు.

ఈ యంత్రముయొక్క స్వభావమును గొంత చెప్పవలయును. 1939వ సంవత్సరము చివర అమెరికాలోని జనరల్ మోటార్స్ వారు తమ 1940 నమూనా ఓల్డ్స్‌మొబీలు బండ్లలో హైడ్రామ్యాటిక్ అను గేరుపెట్టె నమర్చిరి. క్లచ్చి త్రొక్కు పనిలేని గేరుపెట్టెలు పెద్దయెత్తున జనులలోనికి వచ్చుట దానితోఁ బ్రారంభమైనది. నేఁటి సామాన్యమైన ఆటోమేటిక్ గేరుపెట్టెలో, ఇంజనుకును గేర్లకును నడుమ రెండు పంకాలవంటి చక్రములు నూనెలో మునిఁగి యెదురెదురుగా నుండును. ఒకటి తిరిగి నూనెను నెట్టఁగా, ఆ నూనె తాఁకిడికి రెండవది తిరుగును. ఆ నూనెయే యొత్తిడితోఁ గ్లచ్చిపలకలను బిగించి గేరు మార్చును. ఆ నూనెయే పండ్ల చక్రములు రాచుకొనకుండఁ గాపాడును. ఆ నూనెయే వేఁడిని మోసికొనిపోయి చల్లార్చును. దుకాణములలో ఏటీఎఫ్ అని పిలుచు ద్రవమిదియే. కాఱినపుడు ఇంజను నూనెనుండి వేఱుగా గుర్తించుటకై దీనికి సాధారణముగా నెఱ్ఱరంగు కలుపుదురు.

ఇన్ని కొలువులు చేయు ద్రవము ముసలిదిగాక యుండునా? వేఁడికి దాని గుణము తగ్గును. పలకల యరుగుడు పొడియు లోహపు రజమును దానిలోఁ జేరును. వడపోత కొంత పట్టును. అడుగుపళ్లెములోని యయస్కాంతములు కొంత పట్టును. తక్కినది తిరుగుచునే యుండును. కొందఱు తయారీదారులు ఈ నూనె "జీవితకాలము" సరిపోవునని వ్రాయుదురు. ఎవరి జీవితకాలమని యడుగువారు లేరు! నూనె మార్పనిచో గేరుపెట్టె యెన్నాళ్లు బ్రదుకునో యన్నాళ్లే దాని జీవితకాలమైనచో, ఆ మాట యెన్నఁడును నబద్ధము గాదు. పనివాఁడు పడిపోవువఱకుఁ బనిచేసెను గనుక వానికి విశ్రాంతి యక్కఱలేదనుట యెట్టిదో యిదియు నట్టిదే. ఎండలోను రద్దీలోను దిరుగు బండ్లకు 60,000 కిలోమీటరుల ప్రాంతముననో, బండిపుస్తకము ముందే మార్పుమనినచో నంతకు ముందే యో మార్చుట మేలని యనుభవజ్ఞుల మతము.

ఇఁక మా కథ. కొన్నియేండ్ల క్రిందట నొకనాఁడు మా బండి యడుగున నూనె చుక్కలు కనఁబడఁగా నొక షెడ్డునకుఁ గొనిపోయితిమి. ఇరువదియేండ్ల యువకుఁడొకఁడు జాకీతో బండి నెత్తి, చక్రమునకొక ఱాయి యడ్డుపెట్టి, వెల్లకిల బండిక్రిందికి జాఱెను. జాకీ తప్ప బండిని మోయునది వేఱేదియు లేదు. మేము ప్రక్కన నీడలో నిలిచి చరవాణిలో వార్తలు చదువుకొనుచుంటిమి. అతఁడు నలువది నిమిషములు క్రిందనుండి, మోచేయి కాల్చుకొని వెలుపలికి వచ్చెను. అడిగిన కూలిలో నూటయేఁబది రూపాయలు తగ్గింపుమని బేరమాడి, తగ్గించితిమి. ఇంటికి వచ్చి యా తగ్గింపును గొప్పగాఁ జెప్పుకొంటిమి.

గత సంవత్సరము గేరునూనె మార్పవలసిన కాలము రాఁగా, పనిని మేమే చేసికొందమని నిశ్చయించితిమి. మొదటి యుద్దేశము, దాఁచనేల, డబ్బు మిగుల్చుకొనుటయే. మా గృహిణి బండిపుస్తకమునంతయుఁ జదివి, చేయవలసిన పనుల నొక కాగితముపై వరుసగా వ్రాసెను. మేము వీధి దుకాణములోఁ జౌకగా దొరకిన యెఱ్ఱనూనె డబ్బాలను గొనివచ్చితిమి. దారిలో షెడ్డు పెద్దాయన వానిని జూచి, "గా డబ్బాలు మీ బండికి నడ్వయి సారూ, మూత తియ్యకుండ్రి" అనెను. ఎఱ్ఱగా నుండునదెల్ల నొకటియే యనుకొంటిమి! పట్టాతోఁ దిరుగు సీవీటీ పెట్టెకొక నూనె, పంకాచక్రముల పెట్టెకొక నూనె. అందును దయారీదారు చెప్పిన రకమే పోయవలయును. 2014వ సంవత్సరమున మారుతీవారి సెలేరియోతో మనదేశమున వ్యాపించిన ఏఎంటీ బండ్లలో మామూలు గేర్లనే యంత్రము మార్చును గనుక వాని పద్ధతియే వేఱు. ఆ పెద్దాయన మాటకు వెల కట్టినచో మా గేరుపెట్టె వెలయంత యగును. అతఁడు దాని కేమియుఁ బుచ్చుకొనలేదు.

పని యిట్లు చేసితిమి. బండిని గొంతదూరము నడిపి నూనెను వెచ్చచేసి, సమతలముపై నిలిపి, చక్రములకు దిమ్మలడ్డుపెట్టి, జాకీతో నెత్తి, నాలుగు ఇనుప స్టాండ్లపై దింపి, ఊఁపి చూచిన పిదపనే క్రిందికి దూఱితిమి. డ్రెయిను బోల్టు విప్పఁగా నూనె నల్లగాఁ బడెను. పళ్లెపు బోల్టులను విప్పి దానిని దింపఁగా, అయస్కాంతములపై బూడిదరంగు ముద్ద మెత్తగాఁ బేరుకొని యుండెను. సన్నని పొడి యరుగుడువలనఁ గలుగు సహజమైన మలినము. ఇనుపముక్కలు కనఁబడినచో వ్యాధి ముదిరినదని యర్థము. మాకు ముక్కలు గానరాలేదు. పాత వడపోతను దీసి క్రొత్తదానిని బెట్టి, పళ్లెమును దుడిచి, క్రొత్త ప్యాకింగు వేసి, బోల్టులను బుస్తకము చెప్పిన బిగువుతో నెదురెదురుగా బిగించితిమి. వెలువడిన నూనెను గొలిచి యంతయే క్రొత్తది పోసితిమి. పంకాచక్రములలో నిలిచిపోవునది యీ పద్ధతిని రాదు గనుక, ఒక్కమాఱుగా మాఱునది మొత్తము నూనెలో నొక భాగమే. పిదప ఇంజను నడుచుచుండఁగా బ్రేకుపైఁ గాలుంచి, గేరుకఱ్ఱను బ్రతి స్థానమునందును గొంచెముసేపు నిలిపి, నూనె పుస్తకములోని వేఁడికి వచ్చినపుడు మట్టము చూచితిమి. తక్కువైనను జేటు, ఎక్కువైనను జేటు.

వ్రాయుటకు పది పంక్తులైన యీ పనికి మాకుఁ బూర్తిగా నొక దినము పట్టెను. బండిక్రిందఁ బరుండి, ముఖమునకు జానెఁడు దూరమున నంత యినుమును జూచుచుండఁగా, షెడ్డులోని యా యువకుఁడు జ్ఞప్తికి వచ్చెను. మాకు నాలుగు స్టాండ్లు. అతనికి జాకీ మాత్రమే. మేము మా ప్రాణమునకై తీసికొన్న జాగ్రత్తలో నాలవవంతైనను అతని ప్రాణమునకై యడుగమైతిమి. ఆ దినమున నేమియుఁ గాలేదు, నిజమే. ఏమియుఁ గాలేదు గనుక మేము నిర్దోషులమా? జాకీ జాఱకుండుట జాకీ గుణము. మా పుణ్యము గాదు. జాఱియుండినచో మమ్ము నిందింపఁదగినంత దోషము, జాఱకున్నను మాయందుండెను. ఫలముచేతనే దోషమును గొలుచువాఁడు అదృష్టమును ధర్మమని భ్రమించుచున్నాఁడు. పైఁగా, ఆ నలువది నిమిషముల వెలలో నూటయేఁబది తగ్గించిన ఘనత యొకటి!

ఇచట రెండాక్షేపములు గలవు. చదువుకొన్నవాఁడు మసిచేతులతో బండిక్రింద దూఱుట గౌరవము గాదని యొకటి. దీనికి సమాధాన మనావశ్యకము. చేతిపనిని హీనమనుకొనుటవలన మన సంఘమున నెన్ని కులములు వెలివాడలఁ బడియుండెనో యెఱిఁగినవారు మరల నామాట యనరు. రెండవది బరువైనది: నీ పని నీవు చేసికొనినచో షెడ్డువాని కూడు పోవదా? పోవును, ఆ దినపు కూలి వానికి రాదు. దీనిని మాటలతోఁ గప్పిపుచ్చరాదు. కాని పనిని వానికిచ్చుట మాత్రమే యుపకారము గాదు. ఎట్టి పనిని, ఏ యపాయముతో, ఏ వెలకిచ్చుచున్నామో యెఱిఁగి యిచ్చుట యుపకారము. ఎఱుఁగక యిచ్చినది దానమైనను గర్వమగును, కూలియైనను దోపిడి యగును. కావున ప్రతివాఁడును ప్రతిమాఱును దానే చేసికొనవలెనని మేమనము. నేర్పులేనివాఁడు, సాధనములు లేనివాఁడు దీనికిఁ బూనుకొనరాదు. కాని తనకై యితరుఁడు చేయు పనిని జీవితమున నొకమాఱైనను దన యొడలితోఁ దెలిసికొనుట, కనీసము క్రిందికి వంగి చూచుట, ప్రతి గృహస్థునికిని విధియని మా యభిప్రాయము.

పని ముగిసెననుకొని మేము చేతులు కడుగుకొనుచుండఁగా మా గృహిణి నల్లనూనె డబ్బాను జూపి, "దీని నెక్కడఁ బోయుదురు?" అని యడిగెను. మా చూపు వీధి మురుగుకాలువపైఁ బడినదని యొప్పుకొనుచున్నాము. ఉప్పల్ చెంతనే మూసీ పాఱుచున్నది. నగరపు మురుగుతో నిండిన యా నీటిని బెట్టి దిగువ గ్రామములలోఁ బచ్చగడ్డి పెంచుదురు. ఆ గడ్డి బఱ్ఱెలకు మేత. ఆ పాలు నగరమునకే వచ్చును. ఒక్క డబ్బాచేత నది చెడునా యని ప్రతివాఁడును దలంచును. తిలాపాపము తలా పిడికెడని పెద్దలు ఊరకయే యనలేదు. వాడిన నూనెను అనుమతి గల శుద్ధికర్తలకే చేర్పవలెనని 2016వ సంవత్సరపు ప్రమాదకర వ్యర్థముల నియమములు చెప్పుచున్నవి. మేమా నూనెను మూఁతగట్టి, అట్టివారికిఁ బంపు నొక పెద్ద సర్వీసు కేంద్రమున నప్పగించితిమి. ఇంతకు మునుపు మా బండినుండి తీసిన నూనె యేమయ్యెనో మేమెన్నఁడును నడిగి యెఱుఁగము.

ఈ నూనెకు మఱియొక చరిత్రయుఁ గలదు. 1970 ప్రాంతమువఱకు అమెరికాలో నిట్టి ద్రవములలో స్పెర్మ్ తిమింగిలపు నూనెను గలుపుచుండిరి. పలకలు కుదుపులేక పట్టుకొనుట కది తోడ్పడెను. 1970వ సంవత్సరమున నచటి ప్రభుత్వము ఆ తిమింగిలమును అంతరించు ప్రమాదముగల జీవులలోఁ జేర్చిన పిదప, రసాయనజ్ఞులు వేఱు ద్రవ్యములను వెదకవలసివచ్చెను. గేరు మెత్తగా మాఱుటకు సముద్రమున నొక మహాప్రాణి చచ్చెనని బండిలోఁ గూర్చుండిన వారిలో నెంతమంది తలఁచియుందురు? తనంతఁ దాను జరుగుచున్నదని మన మనుకొనుపని లోకమున నొక్కటియు లేదు. ఎవరో యొకరు చేయుచున్నారు. ఎవరో యొకరు వెల యిచ్చుచున్నారు. మనము చూచుట లేదు.

మఱి కొన్నినెలలకు బ్రేకుల పనికై బండిని మరల షెడ్డునకుఁ గొనిపోయితిమి. మా స్టాండ్లనుగూడఁ దీసికొనిపోయి, వానిపై బండి దింపిన పిదపనే క్రిందికి దూఱుమంటిమి. ఆ యువకుఁడు నవ్వి, "టైమెక్కువైతది సారూ" అనెను. ఆ టైమునకును వెల యిత్తుమంటిమి. ఈమాఱు బేరమాడలేదు. స్టాండ్లను షెడ్డులోనే యుంచి వచ్చితిమి. ఇది గొప్పపని గాదు. ఎన్నఁడో తీర్పవలసిన బాకీలోఁ గొంత తీర్చుట మాత్రమే.