పట్టి వదిలేయడం దయ అవుతుందా?

చేపను గాలంతో పట్టి, చేతిలోకి తీసుకుని, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేసిన మనిషిని ఏమనాలి? దయాళువు అనాలా? నిర్దయుడు అనాలా? పట్టిన చేపను ఇంటికి తెచ్చి, వండి, భార్యాబిడ్డలకు పెట్టిన మనిషి సంగతేమిటి? మొదటివాడు ప్రాణం తీయలేదు, రెండవవాడు తీశాడు. పైకి చూస్తే మొదటివాడే మంచివాడనిపిస్తుంది. అయితే మంచిచెడుల విషయంలో పైకి కనిపించేదే చివరి తీర్పు కాదు. కాస్త లోతుగా పరిశీలిద్దాం.

ఇది గాలిలో పుట్టిన ప్రశ్న కాదు. అమెరికాలోని డాలస్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ ప్రాంతమంతటా నదులకు ఆనకట్టలు కట్టగా ఏర్పడిన సరస్సులున్నాయి. వాటిలో చేపలు పట్టడం అక్కడివారికి ఎంతో ఇష్టమైన కాలక్షేపం. అందరూ తినడానికే పట్టరు. చాలామంది పట్టి వదిలేస్తారు. అటువంటి సమాజంలో పెరుగుతున్న మన పిల్లలు "ఇది తప్పా, ఒప్పా?" అని అడిగితే మనం ఏం చెప్పాలి?

క్రాపీ అనే చేప

ఉదాహరణకు క్రాపీ అనే చేపనే తీసుకుందాం. ఇది ఉత్తర అమెరికా మంచినీటి చేప. ఇందులో రెండు జాతులున్నాయి. తెల్ల క్రాపీ ఒంటిమీద నిలువు చారలుంటాయి. నల్ల క్రాపీ ఒంటినిండా మచ్చలు చెల్లాచెదురుగా ఉంటాయి. దీని మాంసం తెల్లగా, మెత్తగా, రుచిగా ఉంటుంది. లూసియానా ప్రాంతంలో దీన్ని 'పాలసంచి' అనే అర్థమొచ్చే ఫ్రెంచి మాటతో పిలుస్తారు. 1993లో ఆ రాష్ట్రం తెల్ల క్రాపీని తన అధికారిక చేపగా ప్రకటించింది. దీని నోటిచుట్టూ ఉండే పొర కాగితంలా పలుచగా ఉంటుంది. గాలాన్ని గట్టిగా లాగితే ఆ పొర చిరిగిపోతుంది.

వసంతకాలంలో నీరు 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కగానే క్రాపీలు గట్టుకు దగ్గరగా, లోతు తక్కువ నీటిలోకి వచ్చి గుడ్లు పెడతాయి. గూడు సిద్ధం చేసేది మగచేప. గుడ్లకు కాపలా కాసేదీ అదే. ఎండలు ముదిరాక ఇవి లోతుకు పోయి, నీటమునిగిన చెట్ల మధ్య చేరతాయి. అయితే మరీ అడుగుకు పోవు. వేసవిలో ఇటువంటి సరస్సుల నీరు పొరలుగా విడిపోతుంది. పైపొర వెచ్చగా ఉంటుంది, అడుగుపొర చల్లగా ఉన్నా అందులో ప్రాణవాయువు తరిగిపోతుంది. ఊపిరి ఆడాలి, ఎండ తగలకూడదు. ఈ రెండింటి మధ్య సృష్టికర్త వాటికొక తావు ఏర్పరచాడు. పొద్దు వాలాక చిన్న చేపల కోసం పైకి వస్తాయి.

వీటిని 'ఫ్లై' అనే కృత్రిమ ఎరతోనూ పడతారు. గాలానికి ఈకలు, వెంట్రుకలు, మెరిసే పోగులు దారంతో చుట్టి, పురుగులాగానో చిన్న చేపలాగానో తయారుచేస్తారు. ఆ ఎరకు బరువుండదు. దాన్ని దూరంగా మోసుకుపోయేది లావుపాటి తాడు బరువే. లోతున ఉన్న క్రాపీ కోసం నీట మునిగే తాడు వాడి, ఎరను నెమ్మదిగా లాగుతారు. ఎంతో ఓర్పు, నేర్పు కావలసిన పని ఇది.

వదిలిన చేప బ్రతుకుతుందా?

ఇక అసలు విషయానికి వద్దాం. "వదిలేశాం కదా, దానికేం నష్టం?" అంటారు. నష్టం ఉంది. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది. 10 మీటర్ల లోతు నుంచి చేపను పైకి లాగితే, నీటి ఒత్తిడి సగానికి తగ్గి, ఆ తిత్తిలోని వాయువు రెట్టింపు ఉబ్బడానికి ప్రయత్నిస్తుంది. క్రాపీ దాన్ని వెంటనే బయటికి వదల్లేదు. అటువంటి చేపను నీళ్ళలో వేసినా కిందికి దిగలేక పైనే తేలుతుంది. పక్షుల పాలో, ఎండ పాలో అవుతుంది. దీనికితోడు వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువ. 15 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 10 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. పెనుగులాడి అలసిన చేప కోలుకోవడం వేసవిలో మరింత కష్టం.

ఈ సంగతి గమనించే టెక్సస్ ప్రభుత్వం డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ సరస్సులో ఒక వింత నియమం పెట్టింది. ఆ రాష్ట్రంలో సాధారణంగా 10 అంగుళాల లోపు క్రాపీలను తిరిగి వదిలేయాలి, రోజుకు 25కు మించి తీసుకోకూడదు. కాని లేక్ ఫోర్క్‌లో చేపలు లోతున ఉండే డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు పట్టిన ప్రతి క్రాపీనీ, చిన్నదైనా పెద్దదైనా, ఉంచుకోవలసిందే అన్నారు. ఎందుకు? వదిలినా అది బ్రతకదు కనుక. వదలడమే దయ అనుకునేవారు ఈ నియమం గురించి ఆలోచించాలి.

చేపకు నొప్పి తెలుస్తుందా? 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ట్రౌట్ చేపల తలభాగంలో గాయాన్ని పసిగట్టే నాడులున్నాయని చూపారు. పెదవుల్లో మంటపుట్టించే ద్రవం ఎక్కించినప్పుడు ఆ చేపలు పెదవులను గులకరాళ్ళకు రుద్దుకున్నాయి, చాలాసేపు మేత ముట్టలేదు. అది మనిషి పడే బాధవంటిదేనా అన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇంకా ముగియలేదు. అయితే సందేహం ఉన్నచోట మనం ఎటువైపు మొగ్గాలి? మన సరదావైపా, మూగజీవి వైపా? స్విట్జర్లాండ్ మూగజీవి వైపే మొగ్గింది. వదిలేసే ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని ఆ దేశం 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల్లో నిషేధించింది.

ధర్మం ఏమంటోంది?

దివ్య ఖుర్ఆన్ నీటి వేటను మన కొరకు ధర్మసమ్మతం చేసింది. హజ్ యాత్రికుడు ఇహ్రామ్ స్థితిలో భూమి మీద వేటాడరాదు, కాని నీటి వేటకు ఆ స్థితిలోనూ అనుమతి ఉంది. చేపను జిబహ్ చేయవలసిన అవసరమూ లేదు. ఇంత వెసులుబాటు ఎందుకిచ్చాడు? మనకు ఆహారం కావాలని. కాబట్టి తినడానికి చేపను పట్టడంలో మనసు నొచ్చుకోవలసిన పనిలేదు. అది మన ప్రభువు ప్రసాదించిన ఉపాధి.

అదే సమయంలో దైవప్రవక్త (స) ప్రాణమున్నదాన్ని గురిచూసి కొట్టే ఆటవస్తువుగా చేసుకోవడాన్ని నిషేధించారు. కోసే జంతువు ముందు కూడా కత్తికి పదును ఉండాలని, దాని బాధ తగ్గించాలని బోధించారు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, తిరిగి తినే స్వేచ్ఛా ఇవ్వకుండా చంపిన స్త్రీకి ఏ గతి పట్టిందో మనందరికీ తెలుసు. ఈ బోధనలన్నింటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ప్రాణిని వాడుకునే హక్కు మనకుంది, ఆడుకునే హక్కు లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తినడానికి పట్టేవాడికి చేప బాధ ఉద్దేశం కాదు. బాధ లేకుండా చేప దొరికితే అతడు ఇంకా సంతోషిస్తాడు. ఆట కోసం పట్టేవాడికో? చేప పెనుగులాటే అతడి ఆనందం. పెనుగులాడని చేపను పట్టి ఏం సరదా అంటాడు. తేడా ఇక్కడ ఉంది.

కొన్ని అభ్యంతరాలు

"తినేవాడు ఇరవై పడితే ఇరవై చస్తాయి. వదిలేవాడు ఇరవై పడితే చాలా వరకు బ్రతకవచ్చు. నష్టం ఎవరివల్ల తక్కువ?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. లెక్క ఒక్కటే చూస్తే వారి మాటలో నిజముంది. అయితే ఆకలికి హద్దు ఉంది, సరదాకు హద్దు లేదు. ఇంట్లో నలుగురికి సరిపడా దొరికాక తినేవాడు ఆగిపోతాడు. వదిలేవాడు ఆగడానికి కారణమేముంది? చీకటి పడేదాకా పడుతూనే ఉంటాడు. ఇక్కడ తినేవారికీ ఒక హెచ్చరిక ఉంది. చట్టం 25 చేపలకు అనుమతించిందంటే అది గరిష్ఠ పరిమితి మాత్రమే, మన ఇంటి అవసరం కాదు. ఫ్రిజ్ నింపి, నెలల తర్వాత చెత్తలో పారేస్తే అది దుబారా. ఆ ప్రాణం వృథాగా పోయినట్లే.

"అయితే చిన్న చేపను వదలడం కూడా తప్పేనా?" కాదు. దాన్ని పట్టాలని మనం సంకల్పించలేదు. దొరికింది, చట్టాన్ని గౌరవించి, రేపటివారి కోసం వదిలాం. అది అమానతును కాపాడటం. వదలడం ఒక్కటే అయినా సంకల్పాలు వేరు. కర్మలకు విలువ సంకల్పాన్ని బట్టే కదా!

"దొంగ ఎర చూపి పట్టడం మోసం కాదా?" అనేవారూ ఉన్నారు. వేటకు అనుమతి ఉన్నప్పుడు ఎరకూ వలకూ అనుమతి ఉన్నట్లే. పైగా ఈకల ఎరలో ఒక మేలుంది. బ్రతికున్న చిన్న చేపను గాలానికి గుచ్చితే ఒక పూట కూర కోసం రెండు ప్రాణులు బాధపడతాయి. ఈకల ఎరతో ఆ రెండవ బాధ ఉండదు. అంతేకాదు, నిజమైన ఎరను చేప గొంతుదాకా మింగే అవకాశం ఎక్కువ. ఈకల ఎరను సాధారణంగా పెదవి దగ్గరే అందుకుంటుంది. ముల్లు లేని గాలం వాడితే, వదలవలసి వచ్చిన చిన్న చేపకు గాయమూ తక్కువే.

ఏం చేయాలి?

నీటి ఒడ్డున కూర్చోవడం, సాయంత్రపు వెలుగులో సృష్టి వైచిత్రిని చూడటం, పిల్లలకు ఓర్పు నేర్పడం మంచివే. పనిలో ఆనందం పొందడాన్ని ధర్మం కాదనలేదు. అయితే బయలుదేరేముందే మన ఇంటికి ఎన్ని చాలో అనుకోవాలి. పొరుగువారికి ఇవ్వదలిస్తే అదీ కలుపుకోవాలి. అన్ని దొరకగానే తాడు చుట్టేయాలి. గుడ్లకు కాపలా కాసే మగచేపను వెంటాడకుండా ఉంటే మరీ మంచిది. లోతునుంచి పట్టేటప్పుడు వదులుదాంలే అనే ధీమా పెట్టుకోకూడదు. పట్టిన చేపను బకెట్టులో గంటలకొద్దీ గిలగిలలాడనీయక, త్వరగా దాని బాధ ముగిసేలా చూడాలి. జిబహ్ అవసరం లేదంటే దయ అవసరం లేదని కాదు.

చేప నోరులేనిది. మనమీద ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. కాని దాన్ని పుట్టించినవాడు చూస్తున్నాడు. ఎన్ని పట్టామన్న లెక్క మనం మరచిపోయినా ఎందుకు పట్టామన్న ప్రశ్నకు ఆయన ముందు సమాధానం చెప్పుకోవలసిందే.

తన సృష్టిని హద్దెరిగి వాడుకునే వివేకాన్ని, మూగజీవులపట్ల కరుణను అల్లాహ్ మనందరికీ, మన బిడ్డలకూ ప్రసాదించుగాక! ఆమీన్.