మంత్రమును ప్రార్థనయు

మార్టూరు ప్రాంతమున సందెవేళ పసిబిడ్డ పాలు త్రాగక యేడ్చినచో ఇంటిలోని అవ్వ చేయు పని చదువరు లెఱిగినదే. ఆమె గుప్పెట నింత ఉప్పును నాలుగు ఎండుమిరపకాయలును పట్టి, బిడ్డకు మూడుమాఱులు దిగదుడిచి, పొయ్యిలో వేయును. ఘాటు రాకున్న దిష్టి తగిలినదని నిర్ణయము. ఇది అనాది కాలపు ఆచారమని ఆమె నమ్మకము. కాని ఆ మిరపకాయ అమెరికా ఖండమున పుట్టినది. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలతో ఈ దేశమునకు వచ్చినది. నేడు మన చేలను ఎఱ్ఱబాఱజేయుచున్న ఈ పరదేశి, వచ్చిన నాలుగైదు వందల యేండ్లలోనే మన గృహదేవతల కొలువులో ఉద్యోగము సంపాదించెను.

బిడ్డ మొలకు కట్టిన తాయెత్తు సంగతియు నట్టిదే. ఆ మాట అరబ్బీ తావీజునకు బంధువు. నుదుట బొట్టు పెట్టుకొనిన తల్లియే దర్గాకు పోయి ఫకీరుచే ఊదించుకొనిన తాయెత్తును తెచ్చును. ఆంజనేయుని గుడిలో రాగిరేకును గట్టించుకొనును. పీర్లపండుగనాడు పీరునకు నీళ్లు పోయును. ఆమె చిత్తమున వీనికి తగవు లేదు. 786 అను అంకె బిస్మిల్లాలోని అక్షరముల విలువలను కూడగా వచ్చినదని తెలియని హిందువులును దానిని శుభముగా నెంచుదురు.

ఇట్టి కలయికను చూచి మతశుద్ధి కోరువారు మండిపడుదురు. వారితో నేను ఏకీభవింపను. కలియుటయే దోషమైనచో దోషము లేని మతము భూమిపై నుండదు. తెచ్చుకొనిన పేరుతో మన మేమి చేయుచున్నామన్నదే అడుగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న మనకంటె మున్ను ఈజిప్టు దేశమున పుట్టినది. అచ్చట పపైరసు అను తుంగపత్రములపై వ్రాసిన మంత్రగ్రంథములు 19వ శతాబ్దమున బయటపడెను. వానిలో నొక పెద్ద గ్రంథము 1857లో పారిసున వేలమునకు వచ్చి ఆ నగరపు గ్రంథాలయము చేరినది. అది 4వ శతాబ్దపు వ్రాత. అందు గ్రీకుల సూర్యుడైన హీలియోసు, హెకాతె, ఈజిప్టువారి ఓసిరిసు, ఐసిసు, యూదుల దేవుని నామములైన ఇయావో, సబావోతు, చివరకు ఏసు పేరును ఒకే వరుసలో పిలువబడుచున్నవి. అర్థమే లేని శబ్దములు పుటలనిండ నున్నవి. అబ్రసాక్సు అను పేరు మిక్కిలి ప్రియమైనది. గ్రీకు అక్షరముల విలువలు కూడినచో అది 365, అనగా సంవత్సరపు దినముల సంఖ్య. మన 786 చూచిన కంటికి ఇందు వింత యేమియు లేదు.

ఆ కాలముననే పోర్ఫిరీ అను తత్త్వవేత్త ఒక ఈజిప్టు పురోహితునకు లేఖ వ్రాసెను. అర్థము లేని పేర్లేల? సొంతభాషను విడిచి పరభాషా నామముల నేల ఎన్నుకొందురు? దేవుడు ఈజిప్టువాడా, ఆ భాషలోనే వినుటకు? మానవుడు సూర్యుని బెదిరించుట యేమి? దీనికి సమాధానము చెప్పినవాడు ఇయాంబ్లికసు. పవిత్రనామములు అనువాదమున శక్తిని కోల్పోవును గనుక వానిని మార్చరాదని ఆయన వాదము. మనదేశమున కౌత్సుడు మంత్రములకు అర్థము లేదనగా, అర్థము తెలియకపోవుట వినువాని లోపమని యాస్కుడు నిరుక్తమున ఖండించెను. అథర్వవేదము 5వ కాండములోని 13వ సూక్తము పామువిషమునకు విరుగుడు. అందలి తైమాత, ఆలిగీ, విలిగీ వంటి పదములు కల్దియా దేశమునుండి వచ్చినవని తిలకు మహాశయుడు 1917లో ప్రకటించిన వ్యాసమున ఊహించెను. అందఱు పండితులును దాని నంగీకరింపలేదు. కాని ప్రాణము మీదికి వచ్చినప్పుడు తెలియని మాటపై మానవునకు గురి కుదురుట ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది.

పాము మాట వచ్చినది గనుక ప్రత్తిచేలలోనికి పోవుదము. వానకాలమున కలుపు తీయు కూలిమనిషిని కట్లపామో రక్తపింజరియో కఱచినచో నేటికిని కొన్ని యెడల మొదట పిలుచునది మంత్రగానినే. ఆయన దుర్మార్గుడు కాడు. డబ్బు పుచ్చుకొనిన మంత్రము పాఱదని నమ్మి, అర్ధరాత్రమైనను లేచి వచ్చువాడు. అట్టివానిని పరిహసించుటకు నాకు నోరాడదు. ఆయన మంత్రము పెక్కుమాఱులు ఫలించినట్లే కనబడును. ఏలయన పాములలో విషము లేనివే హెచ్చు. విషసర్పము కఱచినను ఒక్కొక్కప్పుడు విషము దిగదు. బ్రదికినవాడు మంత్రమునకు సాక్షి యగును, చచ్చినవాడు సాక్ష్యము చెప్పడు. 2000 మొదలు 2019 వఱకు ఈ దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని లెక్కవేసిరి. అందు పెక్కురు పల్లెవారు. మృతులు హెచ్చుగానున్న రాష్ట్రములలో మనదియు నొకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికిని పనిచేయు విరుగుడు గుఱ్ఱపు రక్తమునుండి తీయబడుచున్నది. దానికి కావలసినది కాలము. మంత్రము హరించునదియు కాలమే.

ఇంతకంటె లోతైన దోషము వేఱొకటి కలదు. మంత్రమునకు మన భాషలో వాడు క్రియలను చూడుడు: కట్టుట, దించుట, తోలుట, ఆనపెట్టుట. గ్రీకులు సీసపు రేకులపై చెక్కిన శాపములకు పెట్టిన పేరు కతాదెస్మోస్. అదియు కట్టు అను అర్థము కలదే. పోర్ఫిరీని కలచినది పరభాష మాత్రమే కాదు, ఈ కట్టు. ఓసిరిసు అవయవములను వెదజల్లుదునని దేవతనే బెదిరించువాడు ఎవనికి మ్రొక్కుచున్నాడు? ప్రార్థనకు మన భాషలోని మాటలు వేఱు: వేడుకొనుట, మొఱపెట్టుట, శరణుజొచ్చుట. వేడుకొనువాడు కాదన్న మాట వినుటకును సిద్ధపడవలెను. కట్టువాడు అట్లు వినలేడు. మంత్రము తప్పినపుడు తప్పు మంత్రముది కాదు. రోగి మైలపడెననియో, ఇంటిలో నెవరో యెదురు ప్రయోగము చేసిరనియో చెప్పవలసివచ్చును. ఆ యెవరో అన్నది తఱచుగా ఊరిచివర నొంటరిగా నుండు ముసలిదానిపై పడును. చేతబడి చేసినదని నెపము మోపి చంపిన ఉదంతములు తెలుగునాట నీ శతాబ్దమునను జరిగినవి.

అందుచేత అవ్వ మిరపకాయలను నేను లాగికొనను. ఆమె యెవరిని బంధించుటలేదు. బిడ్డ యేడ్పు చూడలేక చేతికందినది చేయుచున్నది. దర్గాలో నామె వంచిన తలయు గుడిలో వంచిన తలయు ఒకటే గనుక అందును నాకు వెలితి తోపదు. పాము మంత్రగానితో మాత్రము ఒకమాట మాటాడవలసియున్నది. మార్టూరు జాతీయ రహదారి మీద నున్న ఊరు. ఒకవైపు చిలకలూరిపేట, ఒకవైపు ఒంగోలు. కఱచినచోట కోయక, నోట పీల్చక, కాలు కదలకుండ బద్దకట్టి, రోగిని వెంటనే బండి యెక్కింపుమని ఆయనతో చెప్పవలెను. ఆసుపత్రి చేరువఱకు ఆయన ప్రక్కన కూర్చుండి, ఏ దేశపు దేవుని పేరు చదువుకొనినను నాకభ్యంతరము లేదు.