వినోదమునందు ధర్మము

ధర్మమును గూర్చి విచారించునపుడు సామాన్యముగా మానవుని దృష్టి వృత్తి, దానము, పూజ, కుటుంబభారము మున్నగు వానిపై ప్రసరించును. సెలవుదినమున పొందు వినోదము ఈ విచారణకు లోబడదని పలువురి తలంపు. ఆనాడు ధర్మమునకును సెలవే యనునట్లు వారు వర్తింతురు. కాని కార్యాలయమునందలి సత్యసంధతకు పై అధికారి భయము కారణము కావచ్చును. దానమునకు కీర్తికాంక్ష కారణము కావచ్చును. ఎవ్వరును గమనింపరని నమ్మి సుఖమును వెదకునపుడే మానవుని నిజస్వభావము బయల్పడును. అప్పుడైనను గమనించువారు లేకపోలేదు. ప్రక్కన బిడ్డ యున్నాడు. వాడు సమస్తమును చూచుచునే యున్నాడు.

వేసవి సెలవులలో కుటుంబములు వేలకొలది చేరు వినోదోద్యానములు, అనగా థీమ్ పార్కులు, ఈ విషయమును పరిశీలించుటకు తగిన స్థలములు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, అనాహైము పట్టణమందు వాల్ట్ డిస్నీ నిర్మించిన డిస్నీలాండు 1955 జూలై 17వ తేదీన ప్రారంభమైనది. దానికి మూలమైన తలంపును ఆయనయే తరువాతి కాలమున చెప్పియున్నాడు. లాస్ ఏంజిలీసు నగరమందలి గ్రిఫిత్ పార్కునకు తన కుమార్తెల నిద్దరను తీసికొనిపోయి, వారు రంగులరాట్నముపై తిరుగుచుండగా ఆయన బల్లపై కూర్చుండెడివాడు. పిల్లలు ఆడుట, పెద్దలు ఊరక కూర్చుండుట గాక, ఉభయులును కలిసి ఆనందింపగల స్థలమొకటి యుండవలెనని ఆయనకు తోచినది. కోరిక ఉత్తమమైనదే. కాని ప్రారంభదినముననే అనేకులు దొంగ టిక్కెట్లతో లోనికి వచ్చిరి. ఎండ తీవ్రముగా నుండెను. త్రాగునీటి కొళాయిలు చాలలేదు. కలిసి ఆనందించుటకై కట్టిన చోట అసత్యము మొదటినాడే అడుగు పెట్టినది.

భారతదేశమునను ఇట్టి స్థలములు క్రమముగా ఏర్పడినవి. ఢిల్లీలో 1984లో అప్పూ ఘర్ ప్రారంభమై 2008 వరకు నడచినది. ముంబయి చెంత 1989లో ఎస్సెల్ వరల్డు, హైదరాబాదు చెంత 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వెలసినవి. మధ్యతరగతి గృహస్థుడు కొన్ని నెలలు సొమ్ము కూడబెట్టి భార్యాబిడ్డలను, వృద్ధురాలైన తల్లిని వెంటబెట్టుకొని ఇట్టి చోటికి వచ్చును. వచ్చి చూచునుగదా, ఎటు చూచినను జనమే. గంటసేపు వరుసలో నిలిచినచో రెండు నిమిషముల సంబరము. వరుస పొడవు కానరాకుండ దానిని మడతలు మడతలుగా త్రిప్పియుందురు. “ఇంత సొమ్ము పెట్టితిమి, కావున సుఖపడి తీరవలెను” అను భావము అతనిలో మెల్లగా బలపడును. ఆ క్షణము నుండి ఆనందము రావలసిన బాకీగా మారును. ముందు నిలిచిన ప్రతివాడును తన సొత్తు నపహరించువానివలె కనిపించును.

మొదటి పరీక్ష ద్వారమువద్దనే యుండును. కొన్ని ఉద్యానములలో పిల్లల టిక్కెట్టు వయస్సును బట్టి, మరికొన్నింట ఎత్తును బట్టి నిర్ణయింపబడును. గోడపై గీత యుండును. దానికి తక్కువైన బిడ్డకు తక్కువ వెల. అచ్చట నొక తండ్రి కుమారుని చెవిలో, “కొంచెం మోకాళ్లు వంచి నిలబడరా” అనును. మధ్యాహ్నమున రోలర్ కోస్టరు ముందు మరియొక గీత యుండును. తగిన ఎత్తు లేని బిడ్డను దానిపై ఎక్కనీయరు. ఏలయన, మనిషిని ఆసనమునకు బిగించియుంచు కడ్డీలు, పట్టీలు ఒక శరీరప్రమాణమునకు తగినట్లు చేయబడినవి. ఇచ్చట అదే తండ్రి, “మునివేళ్లమీద నిలబడు” అనును. ఉదయము పొట్టివాడైన బాలుడు మధ్యాహ్నమునకు పొడుగువాడైనాడు! మొదటి అసత్యము యజమానికి కొంత సొమ్ము నష్టపరచినది. రెండవది బాలుని ప్రాణమునకే అపాయము తేగలదు. ఈ రెండింటికంటెను పెద్ద నష్టము వేరొకటి కలదు. సత్యము అవసరమును బట్టి వంగుననియు, సాగుననియు బాలుడు నేర్చినాడు. నేర్పినవాడు వానికి అత్యంత ప్రియుడైన తండ్రి. అట్టి పాఠము సులభముగా మరపునకు రాదు.

“బీదవానికి ఆ కొంత సొమ్మే ఘనము కాదా?” అని ఎవరైన ప్రశ్నింపవచ్చును. నిజమే. అట్లయినచో, “మన దగ్గర ఇంతే యున్నది, ఈ పూట ఐస్‌క్రీము లేదు” అని బిడ్డతో చెప్పుట మేలు. లేమిని నిజముగా చెప్పుట అవమానము కాదు. బిడ్డలు దానిని పెద్దలు తలచినదానికంటె బాగుగ గ్రహింతురు.

రెండవ పరీక్ష వరుసలో వచ్చును. అధిక రుసుము చెల్లించినవారిని ముందుగా పంపు పద్ధతి నేడు పెక్కు చోట్ల కలదు. డిస్నీలాండులో 1999లో ఉచితముగా ప్రారంభించిన ఇట్టి సౌకర్యమునకు బదులు 2021లో రుసుముతో కూడినది వచ్చినది. నియమము బహిరంగమైనది కనుక ఇందు అసత్యము లేదు. కాని ముందుకు పోవువాడు నిలిచియున్నవారిని తృణీకారముతో చూచినను, నిలిచియున్నవాడు పోవువానిని ద్వేషముతో చూచినను, బిడ్డ ఆ చూపునే నేర్చును.

పతంజలి మహర్షి యోగసూత్రములలో చిత్తప్రసాదమునకు నాలుగు భావనలను విధించెను. వానిలో మొదటిది సుఖించువారియందు మైత్రి. ఇతరుల సుఖమును మిత్రుని సుఖమువలె భావించినచో ఈర్ష్య అను మాలిన్యము తొలగునని దాని భావము. దుఃఖితునిపై జాలిపడుట ఒకింత సులభము. తనకంటె ముందు రాట్నమెక్కి కేరింతలు కొట్టు పొరుగు బిడ్డను చూచి సంతోషించుట కష్టము. ఈ సాధనకు గుహ అవసరము లేదు. వినోదోద్యానపు వరుస చాలును. తాను “గుంపు” అని విసుగుకొను జనములో ప్రతివాడును మరియొక బిడ్డకు తండ్రియో, తల్లియో. వారి దృష్టిలో ఆ గుంపు తానే.

ఆ కుటుంబమునందలి నాయనమ్మను ఈ సందర్భమున స్మరింపవలెను. సంచులు, నీళ్ల సీసాలు, అందరి చెప్పులు కాచుచు ఆమె చెట్టునీడను బల్లపై కూర్చున్నది. ఆమె యేమియు ఎక్కలేదు. రాట్నము తిరిగి వచ్చినప్పుడెల్ల మనుమడు చేయి ఊపును. ఆమె ముఖము వికసించును. ఆ బల్లపైననే మైత్రి సిద్ధించియున్నది. అయినను ఆమెను దినమంతయు ఒంటరిగా విడుచుట ఇతరులకు ధర్మము కాదు. ఒక్క ఆటను వదలుకొని ఆమె ప్రక్కన కూర్చుండిన కుమారునకు నష్టమేమియు లేదు. అందరును కలిసి ఆనందించుట యనగా ఇదియే.

సాయంకాలమున బాలుడు తండ్రి భుజముపై నిద్రించును. కొన్నేండ్లకు ఏ యంత్రము ఎంత ఎత్తునకు లేచినదో వానికి జ్ఞప్తి యుండకపోవచ్చును. గోడపై గీతముందు “తిన్నగా నిలబడరా” అని తండ్రి పలికియున్నచో, ఆ మాట మాత్రము వానితో పెరుగును.