సైగల దొంగతనం: తెలివా, మోసమా?

గెలవాలని కోరుకోవడం తప్పు కాదు. గెలుపు కోసం ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నచోటే మనిషి పరీక్షకు గురవుతాడు. ‘ఆటే కదా! ఇందులో ధర్మాధర్మాల చర్చ ఎందుకు?’ అని కొందరు అనవచ్చు. కాని చిన్న విషయాల్లో మనసు వెతుక్కునే సాకులనే పెద్ద విషయాల్లోనూ వెతుక్కుంటుంది. అందుకే అమెరికాలో జరిగిన ఒక సంఘటనను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఏం జరిగింది?

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. అక్కడ బంతిని చేతబట్టి ముందుకు దూసుకుపోతారు. ఎదుటి జట్టు అడ్డుకుంటుంది. ప్రతి ఎత్తుకూ ముందు, ఎలా అడ్డుకోవాలో శిక్షకులు మైదానం అంచున నిలబడి చేతి సైగలతో తమ ఆటగాళ్లకు చెప్పేవారు. ఆ సైగల అర్థం ఎదుటివారికి తెలిస్తే ఎత్తు ముందే తెలిసిపోయినట్లే.

2007 సెప్టెంబర్ 9న న్యూయార్క్ జెట్స్‌తో ఆట జరుగుతుండగా, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు ఉద్యోగి ఒకరు మైదానం అంచు నుంచి జెట్స్ శిక్షకుల సైగలను వీడియో తీస్తూ పట్టుబడ్డాడు. నాలుగు రోజులకే లీగ్ శిక్ష ప్రకటించింది. ప్రధాన శిక్షకుడు బిల్ బెలిచిక్‌కు 5 లక్షల డాలర్లు, జట్టుకు రెండున్నర లక్షల డాలర్లు జరిమానా పడ్డాయి. 2008లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండ్ అవకాశాన్ని కూడా జట్టు కోల్పోయింది.

సమర్థించేవారి వాదన

ఈ వాదనను న్యాయంగా వినాలి. వేలాది ప్రేక్షకుల ఎదుట, పట్టపగలు చేసే సైగ రహస్యమెలా అవుతుంది? ఎవరి గదిలోనూ దూరలేదు, ఎవరి కాగితాలూ ఎత్తుకుపోలేదు. ఎదుటివారు తమ సైగలు పసిగడతారని ప్రతి జట్టుకూ తెలుసు. అందుకే దొంగ సైగలు కలుపుతారు, సైగలు మారుస్తుంటారు. కళ్లతో చూసి, కాగితం మీద రాసుకుని అర్థం గ్రహించడాన్ని లీగ్ నిషేధించలేదు కూడా.

ఇంతవరకు ఈ వాదన సరైనదేనని మేము ఒప్పుకుంటాము. ఎదుటివాడి ఎత్తును కనిపెట్టడం మోసం కాదు, ఆటలో భాగం. చదరంగంలో ప్రత్యర్థి ముఖకవళికలు చూసి ఆలోచన పసిగట్టేవాణ్ణి మోసగాడు అనము కదా!

అయితే తప్పు ఎక్కడుంది?

తప్పు చూడటంలో లేదు, మాట తప్పడంలో ఉంది. ప్రత్యర్థి సైగలను మైదానం అంచు నుంచి వీడియో తీయరాదని 2006 సెప్టెంబర్‌లోనే లీగ్ అన్ని జట్లకూ లేఖ రాసి గుర్తుచేసింది. ‘కంటికీ కెమెరాకూ అంత తేడా ఏముంది?’ అనవచ్చు. తేడా చిన్నదే కావచ్చు. రోడ్డుకు ఎడమవైపు వెళ్లడంలో కూడా దానికదిగా గొప్పతనమేమీ లేదు. కాని అందరూ ఎడమవైపే వెళ్తామని ఒప్పుకున్న తర్వాత, ఆ ఒప్పందాన్ని నమ్మి ఎదుటివాడు ప్రాణాలు పణంగా పెట్టి బండి నడుపుతున్నాడు. అప్పుడది కేవలం నియమం కాదు, ఒకరికొకరు అప్పగించుకున్న అమానత్. లీగ్‌లో చేరిన ప్రతి జట్టూ ఆ నియమాలకు కట్టుబడతామని మాట ఇచ్చినట్లే. జెట్స్ ఆ మాటను నమ్మి ఆడింది.

నియమాన్ని తాను మరోలా అర్థం చేసుకున్నానని, అదే ఆటలో వాడుకోనంతవరకు వీడియో తీయవచ్చని అనుకున్నానని బెలిచిక్ చెప్పుకున్నాడు. ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. సందేహం ఉన్నవాడు ఏం చేస్తాడు? అడుగుతాడు. ఒక్కసారి లీగ్ కార్యాలయాన్ని అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే ‘వద్దు’ అంటారేమోనన్న భయంతో అడగకుండా, అనుమానాన్ని తనకు లాభమైన వైపే తీర్చుకోవడం మనందరిలోనూ ఉన్న బలహీనత. పాలివాళ్లతో లెక్క తేల్చుకునేటప్పుడు, వాటా పంచుకునేటప్పుడు మన మనసు చేసే పని కూడా ఇదే కాదా?

‘అందరూ చేసేదే’, ‘దానివల్ల లాభమేమీ లేదు’

ఈ రెండు సాకులు తరచూ వినిపిస్తాయి. అందరూ చేశారన్నది నిజమే అయినా తప్పు చేసినవారి సంఖ్య పెరుగుతుందే గాని తప్పు ఒప్పు కాదు. ఇక లాభం మాట. పట్టుబడిన తర్వాత కూడా పేట్రియట్స్ ఆ సీజన్ లీగ్ దశలో 16 ఆటలూ గెలిచింది. కాబట్టి వీడియోలతో పనే లేదని అభిమానులు అంటారు. మరి పని లేనిదాన్ని ఎందుకు చేసినట్లు? పరీక్షలో చీటీ తీసుకెళ్లి, ‘దాన్ని చూడాల్సిన అవసరమే రాలేదు’ అన్న విద్యార్థిని మనం నిర్దోషి అంటామా?

అసలు నష్టం మరొకటుంది. వీడియోలు తీయడం 2000 నుంచే సాగిందని లీగ్ కమిషనర్ తనతో చెప్పినట్లు సెనెటర్ ఆర్లెన్ స్పెక్టర్ 2008లో వెల్లడించారు. ఆ ఏళ్లలో ఆ జట్టు మూడుసార్లు విజేతగా నిలిచింది. స్వాధీనం చేసుకున్న టేపులను లీగే ధ్వంసం చేయించింది. ఇప్పుడు ఆ విజయాల్లో చెమట ఎంత, కెమెరా ఎంత అని తేల్చేదెవరు? ఏ పాపమూ ఎరుగని ఆటగాడి కష్టం మీద కూడా మచ్చ పడింది. మోసం ఓడినవాడినే కాదు, గెలిచినవాడినీ దోచుకుంటుంది.

2008 నుంచి అడ్డుకునే జట్టులోనూ ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో పెట్టుకోవడానికి లీగ్ అనుమతించింది. సైగల అవసరం తగ్గింది, దొంగిలించే అవకాశమూ తగ్గింది. మంచిదే. కాని తాళం వేసిన ఇంట్లో దొంగతనం చేయనివాణ్ణి నిజాయితీపరుడని చెప్పలేము కదా!

మన పిల్లలు పోటీల్లో గెలిచి వచ్చినప్పుడు ‘ఎన్ని మార్కులు? ఏ బహుమతి?’ అని అడుగుతాము. ‘ఎలా గెలిచావు?’ అని కూడా అడుగుదాం. ఓడి వచ్చినవాడు నిజాయితీగా ఆడి ఉంటే, వాణ్ణి కూడా దగ్గరకు తీసుకుందాం. ఆ ఓటమికి మన ఇంట్లో గౌరవం దొరికితే, రేపు ఏ గెలుపు కోసమూ వాడు మాట తప్పనవసరం లేదు.