సంసారం గుట్టు, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్

అలిపిరి దగ్గర ఇళ్ళలో కూర్చుని ఆఫీసు కాల్స్ మాట్లాడేవాళ్ళకి ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. కిటికీ తెరిచి ఉంటే వెనక కొండ కనిపిస్తుంది. అవతలివాళ్ళు దాన్ని వాల్‌పేపర్ అనుకుంటారు. పూణే టీమ్‌లో ఒకాయన నన్ను "బాగుంది, ఏ సైట్లో దొరికింది?" అని నిజంగానే అడిగాడు. శేషాచలం కొండలు డౌన్‌లోడ్ చేసినవి కావని నమ్మించడానికి లేచి కిటికీ రెక్క ఆడించాల్సొచ్చింది.

2020 మార్చి 20 నుంచి జూన్ దాకా కొండ మీద భక్తులకి దర్శనాల్లేవు. అలిపిరి అంత నిశ్శబ్దంగా ఉండటం మా వీధిలో పెద్దవాళ్ళు కూడా చూడలేదన్నారు. సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి, చెన్నై నుంచి మాలాంటివాళ్ళం లాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్ళకొచ్చి పడ్డాం. యాత్రికులు లేని ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ రోజుకి నాలుగైదు సార్లు ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి పోవడం మొదలైంది. చెప్పులు విప్పక్కర్లేదు, మంచినీళ్ళు ఇవ్వక్కర్లేదు. వచ్చినవాళ్ళు మాత్రం ఇల్లంతా చూస్తారు.

ఏం కనిపించాలి, ఏం కనిపించకూడదు అన్నది అప్పట్నుంచీ ఒక చర్చ. ఎక్కువమంది దీన్ని నిజం-అబద్ధాల ప్రశ్నగా మాట్లాడతారు. పుస్తకాల బీరువా బొమ్మ పెట్టుకోవడం మోసమా? అద్దె గదిలో కూర్చుని న్యూయార్క్ ఆకాశహర్మ్యాలు వెనక పెట్టుకోవడం ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత కాదా? నాకీ కోపం పెద్దగా అర్థం కాదు. గుండు చేయించి, చందనం పూసి, రంగుల్లో గీసిన గోపురం తెర ముందు నిలబెట్టి తీసిన ఫొటో మనలో చాలామంది ఇళ్ళలో ఉంటుంది. ఆ తెరని ఎవరూ అబద్ధం అనలేదు. పైగా ఆ తెర ముందు కూలివాడి కొడుకూ, కాంట్రాక్టరు కొడుకూ ఒకేలా కనిపిస్తారు. ఆ సమానత్వం చిన్నదే, కానీ ఇల్లు చూపించలేనివాడికి దాని విలువ తెలుస్తుంది.

బ్లర్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోకి 2018లో వచ్చిన ఈ సౌకర్యం వెనక ఒక తెలుగమ్మాయి ఉంది: మాచనవఝల శ్వేత, ఆ కంపెనీలో ఇంజనీరు. పుట్టుకతోనే వినికిడి లోపం ఉంది. పెదవుల కదలికని బట్టి మాటలు పోల్చుకుంటుంది. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలతో వీడియోలో మాట్లాడుతుంటే వాళ్ళ వెనకున్న లైటు వెలుతురుకి పెదవులు సరిగ్గా కనిపించలేదట. వెనకున్నదాన్ని మసకబారిస్తే మొహం తేటపడుతుంది కదా అన్న ఆలోచన అక్కణ్ణుంచి వచ్చింది. అంటే బ్లర్ పుట్టింది ఎదుటి మనిషిని ఇంకాస్త బాగా చూడ్డానికి. అమ్మానాన్నల మొహాలు చూసుకోడానికి మొదలైన ఆలోచనని మనం అమ్మానాన్నలు కనపడకుండా ఉండటానికి వాడుకుంటున్నాం.

ఈ మాట అన్యాయంగా ఉందని తెలుసు. సిగ్గుతోనే బ్లర్ పెడతారని కాదు. ప్రైవసీ కోసం పెడతారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు అది ప్రాథమిక హక్కు అని తేల్చారు. మంచిదే. అయితే మన భాషలో ఈ మాటకి 'గోప్యత' అని మనం కూర్చిపెట్టుకున్నదానికన్నా పాత పదం ఒకటుంది: గుట్టు. సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు. ప్రైవసీ ఒక మనిషిది, గుట్టు ఇంటిది. ఇంటి గుట్టు కాపాడే పని ఎవరి మీద పడుతుందో మనందరికీ తెలుసు. ఆ పనిలో భాగంగానే చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు పదింటి నుంచి పదకొండింటి దాకా మిక్సీ వెయ్యరు, కుక్కర్ విజిల్ రాకుండా చూసుకుంటారు, హాల్లోంచి వంటింట్లోకి గోడవారగా నడుస్తారు. ఎవరూ జీవో జారీ చెయ్యలేదు. రెండు వారాల్లో అలవాటైపోయింది.

మా ఇంట్లో కాల్‌కి పనికొచ్చే గోడ ఒక్కటే. అది అవ్వ గదిలో ఉంది. వెలుతురు ముందు నుంచి పడుతుంది, సున్నం రాలలేదు, ఫ్యాన్ చప్పుడు లేదు. అందుకని స్టాండప్ టైముకి అవ్వ తన మంచం దిగి వరండాలోకి పోతుంది. మాత్రలకో కళ్ళజోడుకో మధ్యలో వస్తే తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడుగుతుంది: "నేను కనపడతాండానా రా?"

సాఫ్ట్‌వేర్ ఈ ప్రశ్నకి ఏం జవాబిస్తుందో నాకు తెలుసు, కొంచెం వృత్తిరీత్యా. ఫ్రేములో ప్రతి పిక్సెల్‌నీ మనిషా, వెనకున్నదా అని విడదీస్తుంది. అవ్వ లోపలికి రాగానే కాసేపు తేల్చుకోలేకపోతుంది. భుజం వస్తుంది, తల రాదు. చీర అంచు మెరిసి మాయమవుతుంది. ప్రోగ్రాము తడబాటు అది, సరిచేయొచ్చు, ఇప్పటికే చాలా సరిచేశారు కూడా. మనుషుల తడబాటు అంత తొందరగా సర్దుకోదు. 2017 మార్చి 10న బీబీసీలో కొరియా రాజకీయాల గురించి మాట్లాడుతున్న ప్రొఫెసర్ రాబర్ట్ కెల్లీ గదిలోకి ఇద్దరు పిల్లలు దూసుకొచ్చారు, వెనకే ఒకావిడ పరిగెత్తుకొచ్చి లాక్కెళ్ళింది. లోకమంతా నవ్వుకుంది. చూసినవాళ్ళలో చాలామంది ఆవిడని ఆయా అనుకున్నారు. ఆవిడ ఆయన భార్య. అక్కడ బ్లర్ ఏం లేదు, బొమ్మ స్పష్టంగానే ఉంది.

గోడలదీ ఇదే కథ. మా ఊరివాళ్ళ కాల్స్‌లో వెంకన్న పటం కనిపిస్తే ఎవరూ గమనించరు, అది ఉండాల్సిన చోట ఉన్నట్టే. నా స్నేహితుడొకడు వెనకున్న అంబేద్కర్ పటాన్ని, అది వాళ్ళ నాయన కట్టించిన ఫ్రేము, ప్రతి కాల్‌కి ముందు బ్లర్ చేస్తాడు. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్ళో ఏ వీధి అని అడిగి తెలుసుకునేవాళ్ళకి గోడ పని సులువు చేస్తుందని అతని లెక్క. "తీసెయ్యనైతే తియ్యను" అంటాడు. అతను పెట్టుకునే బ్లర్‌నీ, సున్నం రాలిన గోడకి నేను పెట్టుకునే బ్లర్‌నీ ఒకే మాటతో పిలవడం నాకు నచ్చదు. కాబట్టి "ధైర్యంగా మీ ఇల్లు చూపించండి" అని ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు ముందు తమ గోడ మీద ఏముందో చూసుకోవాలి.

అసలు చూపించమనే హక్కు ఎవరికుంది? అలిపిరి చెక్‌పోస్టు దగ్గర కారు డిక్కీ తెరుస్తాం, సంచి స్కానర్‌లో పెడతాం. మందు, మాంసం, సిగరెట్లు కొండెక్కకూడదు కాబట్టి. ఎవరూ నొచ్చుకోరు. మనం వెళ్తున్నది ఇంకొకరి చోటుకి, నియమం వాళ్ళది. ఆఫీసు గేటు దగ్గరా అంతే. కెమెరా ఈ దిశని తిరగేసింది. వాళ్ళు మన చోటుకి వచ్చి, నియమం మాత్రం తమదే అంటున్నారు. అమెరికాలో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ ఒక విద్యార్థిని ఆన్‌లైన్ పరీక్షకి ముందు పడకగది అంతా కెమెరాతో తిప్పి చూపించమంది. అది రాజ్యాంగం ఒప్పుకోని సోదా అని ఒహైయో ఫెడరల్ కోర్టు 2022 ఆగస్టులో తీర్పిచ్చింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో చెటు అనే ఫ్లోరిడా కంపెనీ, పని గంటలన్నీ కెమెరా ఆన్‌లో ఉంచనన్న ఉద్యోగిని తీసేసింది. అది చెల్లదని అక్కడి కోర్టు చెప్పింది.

రెండు తీర్పులూ కెమెరా ముందున్న మనిషి గురించే. మనకి 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడా అంతే. ఉద్యోగ అవసరాల కోసమైతే కొన్ని సందర్భాల్లో ఉద్యోగి అనుమతి లేకుండానే అతని సమాచారం వాడుకోవచ్చని అందులో ఉంది. సరే, నేను ఉద్యోగిని, జీతం తీసుకుంటున్నాను, నా మొహం వాళ్ళ సర్వర్‌లో ఉంటే ఉండనీ అనుకోవచ్చు. అవ్వ ఎవరి ఉద్యోగీ కాదు. స్టాండప్‌లన్నీ రికార్డవుతాయి. వాటిల్లో ఎన్నిట్లో ఆవిడ భుజం, చీర అంచు, మాత్రల డబ్బా వెతుక్కునే చెయ్యి ఉన్నాయో లెక్క లేదు. రికార్డింగ్ మొదలయ్యేటప్పుడు తెర మీద నోటీసు ఒకటి వస్తుంది, ఇంగ్లీషులో, నా వైపు తిరిగి ఉన్న స్క్రీన్ మీద.

ఆవిడ తలుపు దగ్గర నిలబడి అడిగే ప్రశ్నకి సాధారణంగా నేను మ్యూట్ చేసి "లేదవ్వా, రా" అంటాను. ఆవిడ నమ్మదు. వంగి, కెమెరా ఎత్తుకి కిందగా, మంచం దాకా వస్తుంది. ఎనభై ఏళ్ళు దాటాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి.