కష్టం లెక్కలో ఉందా, దారిలో ఉందా?

ప్రతి ఏడాది ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజున మా గూడేల్లో ఒకే మాట వినిపిస్తుంది. పేరు ఈఏపీసెట్‌గా మారినా మన నోటికి అది ఎంసెట్టే. "పేపరు ఎలా వచ్చిందిరా?" అని అడిగితే, "మిగతావి ఫర్వాలేదు, లెక్కలే కష్టంగా ఇచ్చారు" అంటారు పిల్లలు. పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరో తలూపి, "మనోళ్లకు లెక్కలెక్కడ వస్తాయిలే" అంటాడు. ఇదే మాట బయటివాళ్లు అంటే మనకు కోపం వస్తుంది. మనవాళ్లే అంటే ఊరుకుంటాం. ఎందుకు ఊరుకుంటున్నాం అన్న ప్రశ్నతోనే మేము ఈ వ్యాసం మొదలుపెట్టాం.

మాలో కొందరం ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుని ఇప్పుడు అలాంటి బడుల్లోనే పాఠాలు చెబుతున్నాం. కొందరం ఈ పరీక్షలు రాసి గట్టెక్కినవాళ్లం, కొందరం గట్టెక్కనివాళ్లం. అందుకే ముందు పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని కూర్చున్నాం. ప్రవేశపరీక్షల్లో లెక్కలు నిజంగా ఎంత కష్టం? కష్టం అని మనం దేన్ని అంటున్నాం?

ఎంసెట్‌లో ఇంజనీరింగ్‌కు 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో సగం, అంటే 80 ప్రశ్నలు లెక్కలే. సిలబస్ ఇంటర్ పాఠాలదే. ప్రశ్నకు పట్టుమని డెబ్బై సెకన్లు కూడా రావు. ఈ పరీక్షకు తయారయ్యే పిల్లలు మొదట్లోనే చేసే రకం లెక్క ఒకటి చూద్దాం. x² − 5x + 6 = 0 అనే సమీకరణానికి మూలాలు రెండు. ఆ రెండింటి ఘనాల మొత్తం ఎంత? మూలాలు 2, 3 అని కనుక్కుని, 8కి 27 కలిపితే 35 వస్తుంది. మూలాలు కనుక్కోకుండానే, వాటి మొత్తం 5, లబ్ధం 6 అని చూసి, 125లోంచి 90 తీసేసినా 35 వస్తుంది. మొదటి దారి తొమ్మిదో పదో తరగతి పిల్లకు తెలిసినదే. రెండో దారి తెలిసినవాళ్లకు మూలాలు ఎంత వికారంగా ఉన్నా పని ఆగదు. ఇందులో మనకు అందని లోతు ఏమీ లేదు. దారి ముందే ఎవరైనా చూపించారా లేదా అన్నదే తేడా.

ఇంకొకటి. మేము ఒక బడిలో పదో తరగతి పిల్లలకు ఈ ప్రశ్న ఇచ్చాం. ఒక ఊళ్లో వీధులు గళ్లుగళ్లుగా ఉన్నాయి. ఒక మూల నుంచి తూర్పుకు మూడు వీధులు, ఉత్తరానికి రెండు వీధులు నడిచి ఎదుటి మూలకు చేరాలి. వెనక్కి తిరగకూడదు. ఎన్ని దారులున్నాయి? వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, ఒక్కో దారినీ వేలితో నడిచి చూసింది. రెండుసార్లు లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. పన్నెండు నిమిషాలయ్యాక, "పది, సార్" అంది. సెలవులకు ఇంటికొచ్చి ఆ రోజు మాతోపాటు ఉన్న ఇంటర్ కుర్రాడు మాత్రం ప్రశ్న వినగానే "ఐదింటిలో రెండు ఎంచుకోవడం, పది" అని చెప్పేశాడు. ఎందుకు అలా ఎంచుకోవాలని అడిగితే, "ఈ మోడల్‌కు అదే ఫార్ములా" అన్నాడు.

ఈ ఇద్దరిలో లెక్క ఎవరికి వచ్చినట్టు? పరీక్ష కుర్రాడికి మార్కు వేస్తుంది. అమ్మాయికి వేయదు, ఎందుకంటే ఆమె పన్నెండు నిమిషాలు పూర్తయ్యేలోగా మరో పది ప్రశ్నలు దాటిపోతాయి. కానీ ఆ పది దారుల్నీ తన వేలితో నడిచింది ఆమే. రెండో రోజు మేము ఆమెకు ఐదు అడుగుల్లో ఏ రెండు ఉత్తరానికి వేస్తామో ఎంచుకుంటే చాలని చెప్పాం. ఆమె వెంటనే గళ్లు పెంచి, నాలుగు తూర్పు, మూడు ఉత్తరం వేసుకుని తనే 35 అని చెప్పింది. ఆ ఒక్క మాటా ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు, అంతే.

దీన్నిబట్టి మాకు తోచింది ఇది. పరీక్షలో కష్టం అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి నాలుగు రకాలు. ఒకటి లోతు: ఆలోచన అసలే కొత్తది కావడం. రెండు వేగం. మూడు అలవాటు: అలాంటి లెక్కను ముందే వందసార్లు చేసి ఉండటం. నాలుగు భాష. ఎంసెట్‌లో, జేఈఈ మెయిన్‌లో ఎక్కువ ప్రశ్నల కష్టం రెండు, మూడు, నాలుగు రకాలదే. మెయిన్‌లో 75 ప్రశ్నలకు మూడు గంటలు, అంటే ప్రశ్నకు రెండున్నర నిమిషాల లోపే. జేఈఈ అడ్వాన్స్‌డ్ సంగతి వేరు. అందులో లోతు నిజంగానే ఉంటుంది. రెండు మూడు అధ్యాయాల ఆలోచనలు ఒకే ప్రశ్నలో కలిసి వస్తాయి. దాన్ని తేలికని చెప్పి పిల్లల్ని మోసం చేయకూడదు. అయితే ఆ లోతుకు దిగాలన్నా ముందు ఈత నేర్పాలి కదా.

భాష గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన పిల్ల ఇంట్లో కోయలోనో, గోండీలోనో, కువిలోనో, సవరలోనో మాట్లాడుతుంది. బడిలో తెలుగు. కాలేజీలో ఇంగ్లీషు. 'సంభావ్యత' అనే మాట అర్థమయ్యేలోగా అది 'ప్రాబబిలిటీ' అయిపోతుంది. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులోనూ ఇస్తున్నారు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. తెలుగే రెండో భాష అయిన పిల్లకు ఇది మూడో మెట్టు. ఒక ప్రశ్నను రెండుసార్లు చదవాల్సి వస్తే ఆ డెబ్బై సెకన్లలో సగం అక్కడే పోతాయి. లెక్క మొదలు కాకముందే లెక్క తప్పినట్టు అవుతుంది.

మన భాషల్లో లెక్క లేదా అంటే ఉంది. సవర భాషలో అంకెలు పన్నెండు దాకా విడివిడిగా నడుస్తాయి. పదమూడంటే పన్నెండూ ఒకటీ. ఆ పైన ఇరవైలతో లెక్క. తొంభై మూడు చెప్పాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి అని చెబుతారు. అంటే మా సీతంపేట కొండల మీద ఒక అవ్వ ఆధారం పన్నెండునూ ఆధారం ఇరవైనూ ఒకే నోట కలిపి వాడుతోంది. ఆ అవ్వ మనవడికి బడిలో 'సంఖ్యామానాలు' అనే పాఠం కొత్తగా, భయంగా కనిపిస్తుంది. పాఠం ఆ అవ్వ మాట దగ్గర మొదలైతే అలా కనిపించేది కాదు. ఇక్కడ మేము గొప్పలు చెప్పుకోవడం లేదు. సంతలో చింతపండు తూకం లెక్క వచ్చినంత మాత్రాన సమాకలనం వచ్చినట్టు కాదు. అది కూర్చుని నేర్చుకోవాల్సిందే. కానీ "మీకు లెక్క రక్తంలోనే లేదు" అనేవాడికి మాత్రం ఈ తొంభై మూడు చాలు.

ఇప్పుడు ఎదుటివాళ్ల మాట కూడా వినాలి. "అందరికీ ఒకే పేపరు, ఒకే సమయం. దిద్దేది కంప్యూటరు. అది నీ ఇంటిపేరు చూడదు, నీ గూడెం ఎక్కడో అడగదు. ఇంతకంటే న్యాయం ఏముంది?" అంటారు. ఈ మాటలో నిజం ఉంది. సిఫారసు, పరపతి నడిచే చోట మనకు దక్కేది తక్కువే. ఎవరి మొహమూ చూడని పరీక్ష మనకూ కావాలి.

పరీక్ష మొహం చూస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1970లు, 80లలో మాస్కో విశ్వవిద్యాలయంలో గణితం చదవాలని వచ్చిన యూదుల పిల్లలకు మౌఖిక పరీక్షలో వేరే ప్రశ్నలు ఇచ్చేవారు. జవాబు రెండు వాక్యాల్లో ఉంటుంది, కానీ పెద్ద గణితవేత్తకు కూడా ఒక పట్టాన తట్టదు. వాటికి 'శవపేటికలు' అని పేరు. ఎడ్వర్డ్ ఫ్రెంకెల్ అనే కుర్రాడిని 1984లో పదహారేళ్ల వయసులో అలాగే తిప్పి పంపారు. ఆయన తర్వాత అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడయ్యాడు. అక్కడ కష్టాన్ని కావాలని తయారు చేశారు, ఒక జాతిని గుమ్మంలోనే ఆపడానికి.

మన పరీక్షల్లో అలాంటి కుట్ర లేదు. కానీ ఒకే ప్రశ్న అందరికీ ఒకే కష్టంగా ఉండదు. పట్నంలో ఆరో తరగతి నుంచే కోచింగ్ తీసుకున్న పిల్లాడికి అది వందోసారి చూసే ప్రశ్న. లెక్కల మాస్టారి పోస్టు రెండేళ్లు ఖాళీగా ఉన్న బడి నుంచి వచ్చిన పిల్లకు అది మొదటిసారి. పరీక్ష హాల్లో ఇద్దరి ముందూ ఒకే ప్రశ్న ఉంటుంది. ఒకరు గుర్తు తెచ్చుకుంటారు, ఇంకొకరు కనిపెట్టాలి. కనిపెట్టడమే పెద్ద పని. డెబ్బై సెకన్లలో దాన్ని చేయలేకపోతే తెలివి లేదని అనడం న్యాయం కాదు. పరీక్ష అబద్ధం చెప్పడం లేదు. ఆ రోజుకి ఎవరు ఎంత సిద్ధంగా ఉన్నారో చెబుతోంది. దాన్ని మనం పుట్టుక గురించిన తీర్పుగా చదవడమే తప్పు.

మమ్మల్ని బాగా కలవరపెట్టిన సంగతి ఒకటుంది. మా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఎంసెట్‌లో నలభై ప్రశ్నలు వదిలేసి వచ్చాడు. ఎందుకని అడిగితే, "తెలీనిది తెలిసినట్టు ఎలా పెడతాను సార్, అబద్ధం కదా" అన్నాడు. ఎంసెట్‌లో తప్పుకు మార్కు కోత లేదు. నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెట్టినా నలభైకి సగటున పది వస్తాయి. ఆ పది మార్కులతో ర్యాంకు వేలల్లో మారుతుంది. మెయిన్‌లో సరైన దానికి నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. నాలుగు జవాబుల్లో రెండు కావని తేల్చగలిగితే, మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టడం సగటున ఒకటిన్నర మార్కు లాభం. ఇది కూడా ఇంటర్ పుస్తకంలోని సంభావ్యత పాఠమే.

ఆ అబ్బాయి నిజాయితీని మేము తప్పు అనలేం. కానీ అతను మోసం అనుకున్నది మోసం కాదు. అది అందరికీ తెలిపిన ఆట నియమం. అతనికొక్కడికే ఎవరూ చెప్పలేదు. అందులో తప్పు అతనిది కాదు, చెప్పాల్సిన మాది. పరీక్ష రాసే రోజు అతను మా ముందు నుంచే బస్సెక్కాడు.

సీటు వచ్చాక సంగతీ చెప్పుకోవాలి. ఎంసెట్‌లో ర్యాంకు ఇవ్వడానికి ఎస్టీ విద్యార్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. కేంద్ర విద్యాసంస్థల్లో మనకు 7.5 శాతం సీట్లున్నాయి. ఇవి పోరాడి సాధించుకున్న హక్కులు. వీటి గురించి సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ తలుపు తెరుచుకున్నంత మాత్రాన దారి తగ్గిపోదు. మా ఊరి కుర్రాడొకడు ఒక కాలేజీలో చేరి, మొదటి ఏడాది గణితంలో రెండుసార్లు తప్పి ఇంటికి వచ్చేశాడు. "ఇది ఇంటర్లోనే వచ్చి ఉండాలి" అని మొదటి వారంలోనే దాటేశారట. అడగాలంటే భయం. అడిగితే, "కోటావాళ్లు" అని వెనక నవ్వు. అతను లెక్కలకు ఓడిపోయాడో, ఆ నవ్వుకు ఓడిపోయాడో మాకు ఇప్పటికీ తెలియదు.

ఐఐటీల్లో కటాఫ్ అందని ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో కొందరికి ఒక ఏడాది సన్నాహక కోర్సు ఇస్తారు. అది పూర్తి చేస్తే మామూలు కోర్సులో చేరవచ్చు. ఆ ఏర్పాటు అర్థం ఏమిటి? లోటు బుర్రలో కాదు, కాలంలో ఉందని ఆ సంస్థలే ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు ఆ ఒక్క ఏడాది పద్దెనిమిదేళ్లకు కాకుండా పదకొండేళ్లకే మన బడుల్లో ఎందుకు ఇవ్వకూడదు?

తోటి ఉపాధ్యాయులకు మా మనవి. భిన్నాలు, రుణసంఖ్యలు, బీజగణితం మొదటి పాఠాలు రాకుండా పిల్లని పైతరగతికి తోసేయకండి. కష్టం పుట్టేది అక్కడ, బయటపడేది ఎంసెట్‌లో. కొత్త మాటను ఇంటి భాషలో, తెలుగులో, ఇంగ్లీషులో మూడు వరసలుగా గోడ మీద రాయించండి. ముందు పన్నెండు నిమిషాలు ఇచ్చి సొంతంగా ఆలోచించనివ్వండి, తర్వాత ఫార్ములా చెప్పండి, ఆ తర్వాతే గడియారం పెట్టండి. ఈ వరస తిరగబడితే పిల్లకు భయం మిగులుతుంది.

యువతకు మా మాట. పాత ప్రశ్నపత్రాలు డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి. వారానికి ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. రాని ప్రశ్న పక్కన అది నాలుగు కష్టాల్లో ఏదో గుర్తు పెట్టుకోండి. వేగం అయితే సాధనతో పోతుంది. అలవాటు అయితే మళ్లీ చేస్తే పోతుంది. భాష అయితే అడిగితే పోతుంది. లోతు అయితే దాని దగ్గర ఒక రాత్రి కూర్చోండి, రాకపోయినా నష్టం లేదు. సీటు వచ్చినవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు బడికి ఒక పూట రండి. మొదటి ఏడాది ఏం అడుగుతారో చిన్నవాళ్లకు చెప్పండి.

పన్నెండు నిమిషాలు నేల మీద గళ్లు గీసిన ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. మొన్న వచ్చినప్పుడు ఎలా ఉన్నాయి లెక్కలు అని అడిగాం. "కష్టంగానే ఉన్నాయి సార్. కానీ ఎక్కడ కష్టమో తెలుస్తోంది" అంది.