అలసిన సేవకునికి రొట్టె

సత్యోపదేశం, రోగుల సందర్శనం, గుడి పనులు అన్నీ మోసి మోసి 'ఇక నావల్ల కాదు' అనిపిస్తున్నదా? అది విశ్వాసలోపం కాదు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కూడా చెట్టుక్రింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు అతణ్ణి మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత రెండుసార్లు రొట్టె, నీళ్ళు పెట్టించాడు. ఆ బలంతో అతడు 40 పగళ్ళు, 40 రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాడు. అక్కడ దేవుడు మళ్ళీ పని అప్పగించాడు. తోడుగా, వారసుడుగా ఎలీషాను చూపించాడు.

కనుక అలసినప్పుడు విశ్రమించండి. దివ్యసత్ప్రసాదంతో బలపడండి. భారం పంచుకోండి, సేవ ప్రభువుది, ఒక్కరే మోయవలసినది కాదు. మీ విచారణలో అలసిన ఉపదేశి కనిపిస్తే మరో పని చెప్పకండి. ఇంటికి పిలిచి అన్నం పెట్టండి.